ఆదివారం చర్చ: యుద్ధంలో ప్రెస్ మీట్లు

అందరికీ నమస్తే అండి, ఈ ఆదివారం సాయంత్రం 5కి క్లబ్‌హౌస్‌లో కలుద్దాం.

టాపిక్ ఆపరేషన్ సిందూర్ బ్రీఫింగ్‌లు. 2025 మే 11న మన విమానాలేమైనా పోయాయా అని అడిగితే ఎయిర్ మార్షల్ భారతి గారు యుద్ధంలో నష్టాలు మామూలే అని వదిలేశారు, మే 31న సింగపూర్‌లో సీడీఎస్ (త్రివిధ దళాల అధిపతి) చౌహాన్ గారు పోయిన మాట నిజమేనన్నారు కానీ ఎన్నో మాత్రం చెప్పలేదు. అన్నాళ్ళు చెప్పకుండా ఆగడం కరెక్టా కాదా? నా ఓటు ఆగడానికే, తిట్టేవాళ్ళు వచ్చి తిట్టండి 😀

ఆ రెండు వీడియోలూ చూసి రండి, టీవీ డిబేట్ క్లిప్పులొద్దు ప్లీజ్. కరాచీ పోర్టు తగలబడిందన్న ఫేక్ ఫార్వర్డ్ అప్పట్లో మన గ్రూప్‌లోనే నాలుగుసార్లు తిరిగింది, గుర్తుందిగా.

వచ్చేవాళ్ళు శనివారం రాత్రిలోపు థంబ్ పెట్టండి, పోయినసారి పదిమందన్నారు ఇరవైమంది దిగారు, టీ తలా అరకప్పే వచ్చింది.