పలకరింపు లేని ప్రార్థన

సంపాదకుడు గారికి,

ఒంటరితనం మీద మీరు రాసిన సంపాదకీయం బాగుంది. కారణాలు వివరంగా చెప్పి, పరిష్కారాల దగ్గరికి వచ్చేసరికి కౌన్సెలింగ్, హెల్ప్‌లైన్లతో ఆపేశారు. అవి కావాల్సినవే. కానీ గుడి, మసీదు, చర్చి ప్రస్తావనే రాలేదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో చెప్పింది. ఇంత పెద్ద సమస్యకు, జనం తమంతట తాముగా వారం వారం కలుసుకునే చోటును లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

మతం ఉంటే చాలు, ఒంటరితనం పోతుందని నేను అనను. చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నం అనే పరిశోధకులు 2010లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ప్రార్థనలకు క్రమం తప్పకుండా వెళ్లేవారు జీవితంపై ఎక్కువ తృప్తితో ఉన్నారు, నిజమే. అయితే ఆ తృప్తి చాలావరకు అక్కడ దొరికిన స్నేహాల వల్లే. అంతే క్రమంగా వెళ్తూ అక్కడ స్నేహితులెవరూ లేనివారికి ఆ లాభం కనబడలేదు. దేవుడి ప్రమేయం ఏమీ లేదా అని భక్తులు నొచ్చుకోనక్కర్లేదు. మతం తమకు ముఖ్యం అనుకున్నవారికే ఆ స్నేహాలు బాగా అక్కరకొచ్చాయని కూడా అందులోనే ఉంది.

నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అక్కడికి వెళ్లడానికి ఎవరూ పిలవనక్కర్లేదు. పసిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా ఒకేచోట కూర్చుంటారు. మనిషిని పోగొట్టుకుని వచ్చినవారు ఏం మాట్లాడాలో వెతుక్కునే పని లేదు, తరతరాలుగా అందరూ అంటున్న ప్రార్థన ఉంది. గొంతు పెగలకపోతే పక్కవాళ్లు అందుకుంటారు. రిటైరైన మనిషికి తలుపులు తెరిచే పనో, కుర్చీలు సర్దే పనో అప్పగిస్తే, తన కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారన్న ధీమా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, రెండు వారాలు రాకపోతే ‘ఏమైంది, ఒంట్లో బాగోలేదా?’ అని ఎవరో ఒకరు ఫోన్ చేయడం.

ఆ ఫోన్ చేసేవాళ్లే తగ్గిపోతున్నారు. కమిటీల సమావేశాల్లో కట్టడాలు, మైకులు, పార్కింగ్ మీద గంటల కొద్దీ చర్చ నడుస్తుంది. మంచాన పడ్డవాళ్లను ఎవరు చూసి రావాలి, కొత్తగా వచ్చినవాళ్లను ఎవరు పలకరించాలి అన్నది ఎజెండాలోనే ఉండదు. ఎక్కడైనా జరుగుతోందంటే అది ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల పుణ్యమే. వాళ్లు అలసిపోతే అంతటితో సరి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ఆదరణ షరతులతో వస్తే అది మేలు కన్నా కీడే చేస్తుంది. వేరే మతంవాళ్లను పెళ్లి చేసుకున్నారనో, సందేహాలు అడిగారనో ఒక్కసారిగా ముఖం చాటేస్తే, ఆ మనిషి స్నేహితులనూ తోడునూ ఒకే రోజు పోగొట్టుకుంటాడు. డిప్రెషన్‌తో ఉన్నవాళ్లకు ‘నీకు నమ్మకం చాల్లేదు’ అని చెప్పేవాళ్లూ ఉన్నారు. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లడం కూడా సేవేనని పెద్దలు ప్రసంగంలో ఒక్కసారి చెప్తే చాలామందికి దారి దొరుకుతుంది.

మీ పత్రికకు ఒక మనవి. మతం వార్తలంటే ఉత్సవాలు, వివాదాలే కాదు. రోగులను చూసి వచ్చే బృందాలు ఎలా పనిచేస్తున్నాయో, వాళ్లకు ఏ ఇబ్బందులు ఎదురవుతున్నాయో అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు