డకోటా కబుర్ల ఏడాది: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

వైద్య శిబిరం, ఉగాది కలయిక ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ఈసారి మన సమయమంతా డకోటా విమానం మీద నెలనెలా పెట్టుకున్న ప్రసంగాలకే పోయింది. బేగంపేట విమానాశ్రయంలో ఉద్యోగాలు చేసిన మనకు అది ఇంటి విషయమే కదా!

డగ్లస్ కంపెనీ ప్రయాణికుల విమానం డీసీ-3 తొలిసారి ఎగిరింది 1935లో. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక దానికే నేల గట్టిచేసి, పక్కన పెద్ద తలుపు పెట్టి సీ-47గా మార్చారు. డకోటా అన్నది బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు. 10,000కు పైగా తయారయ్యాయి. 28 మంది సైనికులను గానీ, సుమారు 2,700 కిలోల సరుకును గానీ మోసేది. తోక కింద చిన్న చక్రంతో వెనక్కి వాలి నిలిచే విమానం కావడంతో నేల మీద ఉన్నప్పుడు లోపలంతా ఏటవాలే, బరువులను ఎగువకు నెట్టాలి. లోడింగ్ పని చేసిన మన పెద్దలు ఈ మాట వినగానే తలలూపారు.

చైనాకు సరుకు వెళ్లే బర్మా రోడ్డు జపాన్ వశమయ్యాక, 1942 నుంచి అస్సాం మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు సరుకు చేరవేసిన తొలి విమానాల్లో ఇవీ ఉన్నాయి. మంచుకొండల మీద ఆ దారిలో వందల విమానాలు కూలిపోయాయి. పోరాడి పోయినవాళ్ల పేర్లు అందరికీ గుర్తుంటాయి. బియ్యం, పెట్రోలు మోస్తూ పోయినవాళ్లను కూడా అంతే గౌరవంగా తలుచుకోవాలని నా కోరిక.

అందరినీ కదిలించింది కశ్మీర్ ప్రసంగం. 1947 అక్టోబర్ 27న ఢిల్లీ నుంచి మన సైన్యంలోని 1 సిఖ్ బెటాలియన్‌ను శ్రీనగర్‌లో దింపినవి డకోటాలే. మరుసటి ఏడాది 1948 మే 24న వైమానిక దళ అధికారి ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్, 11,000 అడుగులకు పైన ఉన్న లేహ్‌లో, అప్పుడే చదును చేసిన నేల మీద డకోటాను దించారు. దారి చూపే పరికరాలేవీ లేవు. వింటున్నవాళ్లకే టెన్షన్ పట్టుకుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిన డకోటాలు ప్రయాణికుల సేవలోకి వచ్చాయి. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి ఇవే. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే ఉన్నారు.

అందుకే వచ్చే ఏడాది వారి మాటలను రికార్డు చేయాలని కార్యవర్గం తీర్మానించింది. మీ ఇళ్లలో పాత ఫొటోలు, డ్యూటీ పుస్తకాలు, టికెట్ ముక్కలు ఏవున్నా సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. నకలు తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి