మచ్చ కనబడగానే టీబీయేనా?

సంపాదకులకు,

మొన్న మీరు వేసిన కీహోల్ ఆపరేషన్ వార్త చదివి నాలుగు రోజులైంది. ఉండబట్టలేక రాస్తున్నాను. పక్కటెముకలు విడదీయకుండా, రెండు మూడు చిన్న గాట్లు పెట్టి, కెమెరా గొట్టం పంపి, క్యాన్సర్ పట్టిన ఊపిరితిత్తి భాగాన్ని తీసేస్తారట. నొప్పి తక్కువ, మనిషి త్వరగా లేచి తిరుగుతాడు. సంతోషమే. కానీ అది గడ్డ చిన్నగా ఉండి, ఎక్కడికీ పాకనప్పటి మాట. మన జిల్లాలో ఆ దశలో ఎంతమందికి తెలుస్తోంది?

మా అన్నయ్యకు రెండేళ్ల కిందట దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో కుడివైపు రూపాయి బిళ్లంత మచ్చ. కళ్లె పరీక్షలో టీబీ రాలేదు. అయినా "మచ్చ ఉంది కదా, టీబీయే" అని మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు మింగాడు. మూత్రం ఎర్రగా వస్తోందంటే మందు గుణమేనన్నారు. మనిషి మాత్రం చిక్కి శల్యమైపోయాడు. సీటీ స్కాన్ రాయమని వదిన బతిమాలితే "డాక్టరు నువ్వా, నేనా?" అని కసిరారు. చివరికి విశాఖ తీసుకెళ్లి స్కాన్, ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది, ఆపరేషన్‌కు దాటిపోయిందన్నారు. ఆ మొదటి ఎక్స్‌రే ఇప్పటికీ వదిన బీరువా మీద ఉంది. ఎవరొచ్చినా కిటికీ దగ్గర వెలుగుకు పెట్టి ఆ మచ్చ చూపిస్తుంది.

మన దగ్గర టీబీ ఎక్కువే, అనుమానించడం తప్పు కాదు. కళ్లెలో క్రిమి లేకపోయినా, మందులకు మచ్చ తగ్గకపోయినా అదే పట్టుకు కూర్చోవడం తప్పు. చిన్న గడ్డలు ఎక్స్‌రేకు చిక్కవు. బాగా పొగతాగే 50 వేలమందికి పైగా అమెరికన్లను పరీక్షిస్తే, ఎక్స్‌రే తీసినవారి కంటే తక్కువ రేడియేషన్ సీటీ తీసినవారిలో ఊపిరితిత్తి క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లోనే తేలింది. ఇక్కడ మాకు ఒక్క స్కాన్ కోసం వారాల తరబడి తిరుగుడే. మెషిన్ వచ్చిననాడు రిబ్బన్ కత్తిరించడానికి పదిమంది నాయకులు, చెడిపోయిననాడు ఒక్కడూ కనబడడు!

మా అమ్మ తరం ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చారు, కట్టెల పొయ్యి పొగలోనే వండారు. మా ఊరి వైద్య క్యాంపులో నోటి క్యాన్సర్ ఉందేమోనని వాళ్ల నోళ్లు చూసి వెళ్లారు గానీ దగ్గు గురించి ఒక్కరూ అడగలేదు. ఇచ్ఛాపురం వాళ్లు విశాఖ దగ్గరి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలంటే 200 కిలోమీటర్లు దాటాలి. అంతదూరం వెళ్లాలని ముందు ఎవరో ఒకరు చెప్పాలి కదా!

కళ్లెలో టీబీ రాని మచ్చకు, రెండు నెలల మందులకూ తగ్గకపోతే, వెంటనే సీటీ తీయించాలని జిల్లా వైద్యాధికారులు ఆదేశం ఇవ్వాలి. ఎప్పుడిస్తారో మీ విలేకరి అడిగి, వాళ్లు చెప్పిన తేదీ అచ్చువేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా