కోడుమూరు అవ్వకు

2021 మే, కరోనా రెండో వేవ్. షాపు మూసి వచ్చి, వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

కర్నూలు సి క్యాంపులో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. నలుగురం ఉండేవాళ్లం. ఇద్దరికి పాజిటివ్, ఇంకొకబ్బాయి భయపడి ఊరెళ్లిపోయాడు. అతన్ని తప్పు పట్టను. మే 5న కర్ఫ్యూ పెట్టినప్పటి నుంచి, మధ్యాహ్నం 12 కొట్టేలోపు ఇల్లు చేరాలని జనం పదకొండుకే మీద పడుతున్నారు. డోలో, జింక్, విటమిన్ సి. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ ఆసుపత్రులకే పోతుందంటే దాచానని తిట్లు.

మంగళవారం పదకొండున్నరకు మాత్రల కవరు మీద పూటకొక గీత గీస్తుంటే కళ్లు తిరిగి స్టూలు మీద కూలబడ్డా. లైన్లో ముందున్న కోడుమూరు అవ్వ కౌంటరు పక్కనుంచి లోపలికే వచ్చేసింది. "పొద్దున్నుంచి చూస్తాండా, నీళ్లన్నా తాగితివా పాపా?" అంది. చేతులకు మా సీసాలోని శానిటైజర్ రుద్దుకుని, మూట విప్పి జొన్నరొట్టె తుంచి ఇచ్చింది. ఉల్లిగడ్డ కారం, దాని మీద శానిటైజర్ వాసన. వెనక అరుస్తుంటే తిరిగి, "ఆ పాప పడిపోతే మీకు మందులు ఎవరిస్తారు?" అని కసిరింది. అందరి ముందూ ఏడ్చేశా.

ఆమె కొడుక్కి జ్వరం. చదువు రాదంటే కవరు మీద 94 అని పెద్దగా రాసి, ఆశా వర్కరమ్మ వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టినప్పుడు అంకె ఇంతకన్నా తక్కువుంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తెమ్మన్నా. 12 దాటిపోయింది కదవ్వా అంటే, "పోతాలే, నన్నేం జేస్తారు" అంది. పేరు అడగలేదు. మళ్లీ రాలేదు. ఎవరైనా ఆ పక్క ఊళ్లవాళ్లు ఇది చదివితే, కొడుకెట్లున్నాడో కనుక్కుని చెప్పండి.

మా ఆయన, అత్తమ్మ పిల్లల్ని చూసుకుంటున్నారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. జనవరిలో వైద్య సిబ్బందికి టీకాలు వేసినప్పుడు నా పేరు లిస్టులో లేదు. షాపు తెరవాలంటే అత్యవసర సేవంట, సూది దగ్గరికొచ్చేసరికి వ్యాపారమంట. పోనీలే, ఇది థాంక్స్ చెప్పే పోస్టు.

అన్నట్టు, రాత్రిపూట నా స్కూటీ చూసి బారికేడ్ పక్కకు జరిపే కానిస్టేబుల్ అన్నకు, స్టాకు అట్టపెట్టెలు మెట్లెక్కించిన ఆటో అన్నకు థాంక్స్. పక్క టీకొట్టు భాయ్‌ని మరిచేపోయా! షట్టరు సగం దించుకుని కూడా నాకు ఫ్లాస్కు పంపేవాడు. ఆ ఫ్లాస్కు ఇంకా నా దగ్గరే ఉంది భాయ్, రేపు తెస్తా.