బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ గురించి, అందరూ చదవండి

తమ్ముళ్లూ, కొత్త కోచ్ గారు వచ్చి మూడు వారాలైంది, ఇంతవరకు ఒక్క ఫుల్ మ్యాచ్ కూడా ఆడించలేదని మీలో కొందరికి అసంతృప్తి ఉంది, మొదటి వారం నాకూ అలాగే అనిపించింది. కానీ నిన్న చూశారు కదా, వాన వెలిశాక సిమెంటు కోర్టుని ఆయనే మనతో పాటు గోనెసంచితో తుడిచారు, ఆ తర్వాత గంటసేపు ఒకటే పని, రూల్ ప్రకారం 8 సెకన్లలోపు బాల్‌ని హాఫ్ కోర్టు దాటించడం. పోయినేడాది మనం బాల్ పోగొట్టుకున్నదంతా అక్కడే. బాస్కెట్‌కి వేయడానికి ఉండే 24 సెకన్లలో మంచి షాట్ దొరకాలంటే ముందు ఆ 8 సెకన్లు కంగారు లేకుండా గడవాలి. నాకైతే ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరింది.

రేపట్నుంచి ఉదయం 5.30కే. నెల్లిమర్ల వైపు నుంచి వచ్చేవాళ్లు లేటయ్యేలా ఉంటే ముందు రాత్రే చెప్పండి. మోకాలి నొప్పి ఉంటే దాచుకుని పరిగెత్తొద్దు, పోయినసారి నేను దాచాను, సగం సీజన్ బెంచీ మీదే పోయింది, మీలో ఎవరికీ అలా జరగకూడదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం మాత్రం సెలవు, నేనే అడిగాను, వెంటనే ఒప్పుకున్నారు. నీళ్ల బాటిల్, రెండో జత సాక్సులు తెచ్చుకోండి.