‘ఇక చాలు, కూర్చో’ అన్నవాళ్లకు

కోవిడ్ తర్వాత పట్టుకున్న క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే అలసట జబ్బులో నాకు తోడు నిలిచినవాళ్లకు దండం పెట్టుకోవడానికి రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. రోజుకు పది నిమిషాలు, మంచం మీద పడుకుని, ఫోన్‌లో. వరస తప్పినా, ఎవరినైనా మరిచిపోయినా ఏమీ అనుకోకండి. పేర్లు ఎలాగూ రాయడం లేదు, ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

ముందు నాకేమయిందో చెప్పాలి. మా బంధువుల్లోనే సగం మందికి ఇప్పటికీ తెలియదు. 2021 మేలో కోవిడ్ వచ్చింది. ఆసుపత్రిలో చేరలేదు, ఆక్సిజన్ ఒక్కసారి కూడా 95 కిందకి దిగలేదు, పది రోజుల్లో జ్వరం పోయింది. అదృష్టవంతురాలివి అన్నారందరూ. ఆ ఏడాది మా వీధిలో ఏం జరిగిందో చూసినదాన్ని, నేనూ అలాగే అనుకున్నాను. జూన్ వచ్చింది, జులై వచ్చింది, నేను మాత్రం లేవలేదు.

‘నీరసం’ అనే మాట వల్లే నా జబ్బు సగం దాగిపోయిందని నా అనుమానం. మన దగ్గర నీరసం లేనిదెవరికి? గ్లూకోజు కలుపుకుని తాగమన్నారు, ఖర్జూరాలు తినమన్నారు, ఒక సెలైన్ ఎక్కించుకుంటే లేచి కూర్చుంటావన్నారు. అన్నీ చేశాను. సెలైన్లు ఐదు. నాది ఎలాంటిదంటే, జడ వేసుకుని చెయ్యి దించితే మళ్లీ ఎత్తడానికి పావుగంట పట్టేది. లెక్కల టీచర్ని, పదమూడో ఎక్కం మధ్యలో తప్పిపోయేదాన్ని. రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయినా, తెల్లారి లేస్తే రాత్రంతా నాట్లు వేసొచ్చినట్టు ఉండేది ఒళ్లు.

ఏడాదిన్నరలో నలుగురు స్పెషలిస్టులు, ఒక బ్రెయిన్ ఎంఆర్‌ఐ, రెండు మాస్టర్ హెల్త్ చెకప్పులు. అన్నీ నార్మల్. ఒకాయన మా వారిని బయటికి పంపి, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఇంకొకాయన టెన్షన్ తగ్గడానికి మాత్రలు రాశారు. ఒకచోట రోజూ నడవమన్నారు, వారానికి 500 అడుగులు పెంచుకుంటూ పొమ్మన్నారు. చెప్పినమాట వినే రకాన్ని కదా, పెంచుకుంటూ పోయాను. మూడోవారం బాత్రూమ్ దాకా వెళ్లలేక గుమ్మంలో కూలబడ్డాను. ఆ తర్వాత రెండు నెలలు మంచం. మళ్లీ వెళ్లి ఆ సంగతి చెబితే, మనసు పెట్టి చేయలేదన్నారు. ఆ మాట నన్ను నడక కంటే ఎక్కువ కుంగదీసింది.

మొదటి దండం మా వదినకు. మా అన్నయ్య భార్య, స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి బస్సెక్కి వచ్చి, నా పక్కన కూర్చుని, సంచిలోంచి ఒక లాంగ్ బుక్ తీసింది. ‘‘రోజూ ఏం చేశావో రాయి. మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉన్నావో కూడా రాయి. నువ్వు రాయలేని రోజు మీ ఆయన రాస్తారు’’ అంది. రెండు నెలలు రాశాం. ఆ పుస్తకం చూస్తేనే నాకూ అర్థమయింది. పెళ్లికి వెళ్లొచ్చిన రోజు బాగానే ఉన్నాను, మర్నాడు ఒకమాదిరి, మూడోరోజు పక్క దిగలేదు. బీరువా సర్దినా అంతే, గంటసేపు ఫోన్ మాట్లాడినా అంతే. ఒకటిన్నర రోజు ఆలస్యంగా దెబ్బ పడుతుంటే, ఏ పనికి పడుతోందో ఎలా తెలుస్తుంది? నేను మూడోరోజు తిన్న పెసరట్టును తిట్టుకునేదాన్ని.

ఆ పుస్తకం పట్టుకుని వదిన నన్ను ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. రిటైరయ్యాక చిన్న క్లినిక్ నడుపుకుంటున్నారు. ఏసీ లేదు, రిసెప్షన్ లేదు. నా రెండు కిలోల ఫైలు పక్కన పెట్టేసి లాంగ్ బుక్ తెరిచారు. ఇరవై నిమిషాలు చదివారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: ‘‘అమ్మా, పని చేసిన రోజే పడిపోతావా, మర్నాడా?’’

నేను ఏడ్చేశాను. ఏడాదిన్నరలో ఆ ప్రశ్న అడిగినవారు ఆయనొక్కరే.

ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతవరకు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. దీన్ని మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనీ, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనీ అంటారు, పొడి అక్షరాల్లో ఎంఈ/సీఎఫ్‌ఎస్ అని రాస్తారు. ఇది ఉందని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ ఇప్పటికీ లేదు. 2015లో అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వాళ్లు కొన్ని గుర్తులు పెట్టారు. మునుపు చేసుకునే పనులు బాగా తగ్గిపోయేంత అలసట, అదీ ఆరు నెలలు దాటి. చిన్న పనికే తర్వాత కుప్పకూలడం. ఎంత పడుకున్నా తీరని నిద్ర. ఈ మూడూ ఉంటూ, వాటికి తోడు మెదడు మొద్దుబారడమో, నిలబడితే ఒంట్లో తేడా చేయడమో, ఏదో ఒకటి ఉండాలి. ‘‘నీకు రెండూ ఉన్నట్టున్నాయి, చూద్దాం’’ అన్నారు.

చూడటం అంటే ఏ మెషీన్‌లో పెడతారోనని నా భయం. అక్కడున్న బల్ల మీద పది నిమిషాలు కదలకుండా పడుకోమన్నారు. బీపీ, పల్స్ రాసుకున్నారు. తర్వాత గోడకు అరడుగు ఇవతల మడమలు పెట్టి, వీపు పైభాగం గోడకు ఆన్చి నిలబడమన్నారు. పది నిమిషాలు, నిమిషానికొకసారి లెక్క. పడుకున్నప్పుడు 74 ఉన్న పల్స్ నాలుగో నిమిషానికి 108, తొమ్మిదో నిమిషానికి 116. బీపీ పడలేదు. పాదాలు వంకాయరంగుకి తిరిగాయి. కళ్లు బైర్లు కమ్ముతుంటే ఆయన కుర్చీ లాగి, ‘‘ఇక చాలు, కూర్చో’’ అన్నారు. అంతరిక్షం నుంచి వచ్చినవాళ్లకు చేసే పరీక్షలోంచి పుట్టిందట, నాసా లీన్ టెస్ట్ అంటారట. పెద్దవాళ్లకు నిలబడ్డాక పది నిమిషాల్లో పల్స్ 30 పెరిగి, తగ్గకుండా అలాగే ఉండి, బీపీ పడకుండా ఈ తిప్పలన్నీ ఉంటే దాన్ని పాట్స్ అంటారు. ఎంఈ/సీఎఫ్‌ఎస్ ఉన్నవాళ్లలో కొందరికి ఇది తోడుగా ఉంటుంది. బ్రెయిన్ ఎంఆర్‌ఐలో దొరకనిది గోడ, గడియారం, బీపీ మెషీన్‌తో దొరికింది. ఫీజు 300. (ఎవరూ ఇంట్లో ఒంటరిగా చేసుకోకండి, పడితే తల పగులుతుంది.)

అప్పుడు కూడా ఆయన తొందరపడి పేరు ఖాయం చేయలేదు. ఇలాగే కనిపించే వేరే జబ్బులు ముందు తేల్చుకోవాలన్నారు. రక్తకణాల లెక్కకు సీబీపీ, ఒంట్లో వాపు ఉందేమో చూడటానికి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, షుగర్ మూడు నెలల సగటు, కిడ్నీ, లివర్, కాల్షియం, ఐరన్ నిల్వకు ఫెరిటిన్, బీ12, కండరాలకు సీపీకే, గోధుమ పడకపోవడానికి ఒకటి, అడ్రినల్ గ్రంథికి పొద్దున్నే కార్టిసాల్. గురక ఉందా అని మా వారిని అడిగారు, ఉంటే నిద్రలో పరీక్ష చేయించేవారట. రెండు చెకప్పుల్లో ఎవరూ చూడని ఫెరిటిన్ బాగా తక్కువగా, 11 వచ్చింది. మూడు నెలలు ఐరన్ మింగాను. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది, మిగతాదంతా అలాగే ఉంది. అప్పుడు పేరు రాశారు. ఇది చదివి ‘నాకూ ఇదే’ అనుకునేవాళ్లకు ఒకమాట: మా పెద్దమ్మ కూతురూ అలాగే అనుకుంది, చూస్తే థైరాయిడ్. మాత్రతో ఆరు వారాల్లో మనిషయింది.

ఆ రక్తం తీయడానికి ఇంటికొచ్చిన ల్యాబ్ అబ్బాయికి కూడా చెప్పాలి. నేను లేవబోతుంటే ‘‘వద్దు మేడమ్, పడుకునే ఇవ్వండి’’ అని నేలమీద మోకాళ్ల మీద కూర్చుని తీశాడు. హోమ్ విజిట్ చార్జీ తీసుకోలేదు.

ఇక పరీక్షలు ఆపమన్నది కూడా ఆ డాక్టరుగారే. నేను ఇంకా ఏదో వైరస్ పరీక్ష ఉందని విన్నానంటే ఒక కథ చెప్పారు. 2009లో ఈ జబ్బుకు ఎక్స్‌ఎమ్‌ఆర్‌వీ అనే వైరస్ కారణమని ‘సైన్స్’ అనే పత్రికలో వచ్చింది. పరీక్ష అమ్మిన ల్యాబులు, కొనుక్కున్న రోగులు. చివరికి అది ల్యాబుల్లో నమూనాలు కలుషితమవడం వల్ల కనిపించిందని తేలి, 2011లో ఆ వ్యాసం వెనక్కి తీసుకున్నారు. మందులదీ అదే దారి. నార్వే డాక్టర్లు రిటుక్సిమాబ్ అనే మందు మీద ఎంతో ఆశ పెట్టుకుని 151 మంది మీద పెద్ద పరీక్ష చేస్తే, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ల కంటే మేలేమీ లేదని 2019లో వాళ్లే రాశారు. తమకు నచ్చని ఫలితాన్ని తామే బయటపెట్టారే, వాళ్లంటే నాకు గౌరవం. నాల్‌ట్రెక్సోన్ అనే మందు చిన్న మోతాదులో వాడతారని చదివి అడిగాను. ఇంకా పరీక్షల్లోనే ఉంది, ఖాయమైన రుజువు రానీ అన్నారు.

‘‘జబ్బును తీసేసే మందు లేదు, దాంతోపాటు వచ్చినవాటికి ఉన్నాయి’’ అని నాకు ఇచ్చినవి ఇవీ: నిద్రకు, ఒళ్లునొప్పులకు రాత్రి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, పల్స్ తగ్గడానికి ప్రొప్రనొలాల్ చిన్న డోసు, మోకాళ్ల పైదాకా బిగుతు మేజోళ్లు, రోజుకు మూడు లీటర్ల దాకా నీళ్లు, ఉప్పు కాస్త ఎక్కువ. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ ఉప్పు మాట అసలు వినకండి, ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ పడదు. మా ఇంట్లో మాత్రం ఆవకాయ మీద నిషేధం ఎత్తేశారు.

అసలు వైద్యం ఒంట్లో ఓపిక ఖర్చు తగ్గించుకోవడమే. ‘‘నెలాఖరు జీతంలా వాడుకో. చేతిలో ఉన్నదానికంటే తక్కువే ఖర్చుపెట్టు’’ అన్నారు. వంట సగం చేసి పడుకోవడం, కూర్చుని స్నానం, కాస్త బాగున్నరోజు ఎగబడి పని చేయకపోవడం. చివరిదే కష్టం, ఇప్పటికీ నెలకోసారి తప్పుతాను.

మాంచెస్టర్‌లో ఉన్న మా తమ్ముడికి కూడా రుణపడ్డాను. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2021 అక్టోబర్‌లో ఈ జబ్బు వైద్యానికి కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. వాడు రాత్రిళ్లు ఫోన్‌చేసి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పేవాడు, పది నిమిషాలు కాగానే వాడే పెట్టేసేవాడు. వ్యాయామాన్ని లెక్కకట్టి పెంచుకుంటూ పోవడం ఈ జబ్బుకు పెట్టకూడదని అందులో ఉంది. 2007లో అదే సంస్థ పెట్టమన్నదట. ‘‘అక్కా, తప్పు నీ మనసుది కాదు’’ అన్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కోపం తెచ్చుకోగలిగాను. కౌన్సెలింగ్ కూడా జబ్బుని నయంచేయదు, దాంతో బతకడానికి సాయమవుతుందంతే అని ఉంది. నేను ఆరుసార్లు వెళ్లాను, మేలే జరిగింది.

2025 ఆగస్టులో వాడు ఇంకోటి పంపాడు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ జబ్బున్న 15,579 మంది డీఎన్‌ఏ చూస్తే, ఇతరులతో పోలిస్తే ఎనిమిదిచోట్ల తేడా కనిపించిందట. దాంతో పరీక్ష గానీ మందు గానీ రాలేదు. అయినా ప్రింట్ తీయించి ఫైల్లో పెట్టుకున్నాను. ఇంట్లో గొడవలున్నాయా అని అడిగినాయన మళ్లీ ఎదురైతే చూపించడానికి.

మా హెచ్ఎం మేడమ్ నా క్లాసులన్నీ కింది అంతస్తుకి మార్చారు, పొద్దున మూడు పీరియడ్లకు మించి వేయలేదు, బోర్డు పక్కన కుర్చీ వేయించారు. పిల్లలు వంతులేసుకుని బోర్డు మీద రాస్తారు, నేను కూర్చుని తప్పులు పడతాను. మూలమీద మందుల షాపు తమ్ముడు, నేను నాలుగో రకం మల్టీవిటమిన్ అడిగితే ‘‘అక్కా, మూడు ఉన్నాయిగా’’ అని అమ్మనన్నాడు. లక్షన్నర ప్యాకేజీ డ్రిప్పులకు వెళ్లబోతే ఆపింది కూడా అతనే. మా అత్తయ్యగారు మొదట బద్ధకమనుకున్నారు, తర్వాత దిష్టి తీశారు, ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే టీవీ సౌండ్ తగ్గించారు. మా వారు చారు నేర్చుకున్నారు. బాగుండదు. రోజూ పెడతారు.

నేను బాగైపోయాను అనుకోకండి, కాలేదు. వారంలో ఐదు రోజులు ఒంటిపూట బడి, మిగతాది పక్క. ఇదివరకు నెలకు ఐదారుసార్లు కూలబడేదాన్ని, ఇప్పుడు ఒకటి. అంతే తేడా, నాకు అది చాలా తేడా.

పక్కింటి పిన్నిగారూ, స్నానాల గదికి రెండు రోజులకని ఇచ్చిన మీ నీలం ప్లాస్టిక్ స్టూలు మూడేళ్లుగా మా దగ్గరే ఉంది. అడగకుండా ఊరుకున్నందుకు మీకూ దండం. ఇంకా ఇచ్చేట్టు లేను. మీకు కొత్తది తెమ్మని మా వారికి చెప్పాను, ఆదివారం తెస్తారు.