బ్రౌనీ మీదికి పాకం పూత

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. జవాబు పత్రాలు దిద్దే పని, ఆ వెంటనే ఇంటికి సున్నాలు, ఆపైన గంగ జాతరకు వచ్చిన బంధువులు, వీటి మధ్య కుదురుగా కూర్చునే వీలు చిక్కలేదు. మణికట్టు నొప్పి తప్ప అమ్మ బాగానే ఉంది. పెద్దవాడు ఇంటరులో చేరుతున్నాడు. చెల్లెమ్మను అడిగినట్టు చెప్పమని మా ఆవిడ మరీ మరీ చెప్పింది. మిగిలిన సంగతులన్నీ ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఎందుకంటే నీ ఉత్తరం చివర రెండు ముక్కల్లో అడిగిన ప్రశ్నకే ఈ కాగితాలన్నీ సరిపోయేలా లేవు.

ఓవెన్ కొన్నామనీ, బ్రౌనీలు బాగానే కుదురుతున్నాయనీ, అయితే పిల్లవాడు పైన క్రీము ఉంటేనే తింటానని పేచీ పెడుతున్నాడనీ, ఇంట్లో చేసుకోదగిన ఫ్రాస్టింగ్, అంటే పైపూత, ఏదైనా చెప్పమనీ రాశావు. సరిగ్గా అదే వారంలో మా అక్క కూతురి పుట్టినరోజుకు బ్రౌనీలు చేసి చిత్తూరుకు పట్టుకెళ్లే పని నేను నెత్తికెత్తుకున్నాను. ఆ పిల్ల కోరిక కూడా మీవాడి కోరికే. ఆ రోజు ఏం జరిగిందో నీకు తప్ప ఎవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది, అందుకే ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాను.

మే నెలలో ఇక్కడి ఎండ నీకు కొత్త కాదు. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మన గది రేకు తలుపు మీద చెయ్యి ఆనించి నువ్వు పలికిన పలుకు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ ఎండలో, ఏసీ లేని బస్సులో, తిరుపతి నుంచి చిత్తూరు దాకా దాదాపు 70 కిలోమీటర్లు ప్రయాణం చేసినా చెదరని పైపూత నాకు కావాలి. అమ్మా, అక్కా గుడ్డు ముట్టరు కాబట్టి తెల్లసొనతో చేసేవేవీ పనికిరావు. వెన్న, పొడి చక్కెర కలిపి గిలకొట్టే బటర్‌క్రీమును మొదటే పక్కన పెట్టాను. దాని నిలకడంతా వెన్నలో గట్టిగా ఉండే కొవ్వు మీదే ఆధారపడి ఉంటుంది. ఆ కొవ్వు 30 డిగ్రీల దగ్గరే మెత్తబడి, మరో నాలుగైదు డిగ్రీలకు కరిగిపోతుంది. ఎంత చక్కెర కలిపినా తీపి పెరిగినంతగా నిలకడ పెరగదు. మీ ఇంట్లో ఏసీ ఉంది కాబట్టి నువ్వు నిశ్చింతగా చేసుకోవచ్చు. 100 గ్రాముల ఉప్పులేని వెన్నకు 150 గ్రాముల పొడి చక్కెర, రెండు పెద్ద చెంచాల కోకో, చెంచాడు పాలు చాలు. ఇంట్లో చిలికిన వెన్న వాడితే మాత్రం చల్లటి నీళ్లలో కడిగి, నీరంతా పోయేదాకా నొక్కి పిండాలి.

చాక్లెట్, క్రీము కలిపిన గనాష్ చేద్దామా అని గట్టిగానే ఆలోచించాను, ఎందుకంటే రుచిలో దానికి సాటి రాగలిగేది లేదని నా అభిప్రాయం. పొంగు రాబోతుండగా దించిన క్రీమును సన్నగా తరిగిన డార్క్ చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా వదిలి, ఆ తరువాత గిన్నె మధ్య నుంచి అంచుల వైపు మెల్లగా కలుపుకుంటూ రావడమే పని. రెండూ సమానంగా వేస్తే జారుగా పోసుకునే పూత అవుతుంది, చాక్లెట్ రెట్టింపు వేస్తే చల్లారాక కత్తితో రాసుకునే ముద్ద అవుతుంది. దుకాణాల్లో మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతమే కాబట్టి 200 గ్రాముల చాక్లెట్‌కు క్రీము 120 గ్రాములకు మించి వెయ్యకు. నూనె తేలి విరిగినట్టు కనిపిస్తే కంగారుపడకుండా గోరువెచ్చని పాలు చెంచాడు పోసి కలిపితే మళ్లీ ఒకటవుతుంది. నూనె, నీళ్లు విడిపోకుండా కలిసి ఉండే ఇలాంటి ఎమల్షన్ల గురించి రసాయనశాస్త్రం చదివిన నీకు ఇంతకంటే చెప్పవలసిన పని లేదు. చాక్లెట్ కొనేటప్పుడు పొట్లం వెనుక చదువు. కోకో బటర్ అని ఉంటే అది అసలైనది, దాని బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటే కాంపౌండ్. కాంపౌండ్ వేడికి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది గాని నాలుక మీద జిడ్డు పొర మిగులుస్తుంది, దాన్ని నేను ఎవరికీ సిఫారసు చెయ్యను. కోకో బటర్ కరిగేది 34 డిగ్రీల దగ్గర. చాక్లెట్ నోట్లో పెట్టుకోగానే కరగడానికి కారణం అదే, మన బస్సులో కరగడానికీ అదే కారణం.

ఇదంతా నేను వంటింటి గడప మీద కూర్చుని మా ఆవిడతో చెబుతుంటే, బంధువుల కోసం చెనిక్కాయ ఉండలు చేస్తున్న అమ్మ, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే, "ఎండకి కరక్కుండా ఉండాలంటే పాకం పట్టాల గానీ, వెన్న యాలరా?" అంది.

మిత్రమా, ఆ ఒక్క మాటతో నా ఆలోచన మొత్తం మారిపోయింది. వెన్న క్రీముకు బలం కొవ్వు, ఆ కొవ్వు ఎండకు లొంగుతుంది. పాకానికి బలం చక్కెర చిక్కదనం, అందులో నీరు ఎంత తగ్గితే అది అంత గట్టిపడుతుంది, 40 డిగ్రీల వేడి దాన్ని ఏమీ చెయ్యలేదు. పైగా బెల్లంలో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి కాబట్టి పాకం తొందరగా పలుకు కట్టదు. ఇంత రసాయనశాస్త్రం చదివిన నువ్వూ నేనూ ఎన్ని సంక్రాంతులు అరిసెలు తిన్నామో!

ఇక చేసిన పద్ధతి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. అక్క చిత్తూరు మండీలో కొని పంపిన ముదురు రంగు బెల్లం ఇంట్లో ఉంది. పచ్చగా మెరిసే బెల్లానికి రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు చాలాచోట్ల ఉంది, ఈ పనికి రంగుతో అవసరమే లేదు కాబట్టి ముదురుదే తీసుకో. 150 గ్రాముల బెల్లం తరిగి, పావు కప్పు నీళ్లు పోసి, కరిగేదాకా మాత్రమే వేడి చేసి పలుచటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టిన గుడ్డ మీద సన్నటి ఇసుకా, రెండు మూడు చెరకు పీచులూ మిగిలాయి, అవి పూతలో పడి ఉంటే పంటి కింద తెలిసేవే. ఆ నీటిని మళ్లీ పొయ్యి మీద పెడితే మొదట పెద్ద పెద్ద బుడగలు లేచి, కాసేపటికి అవి చిన్నవై దగ్గర దగ్గరగా వస్తాయి, చెరకు వాసన తగ్గి కమ్మని వాసన పుడుతుంది. అప్పుడు అమ్మ గరిటె కొస నుంచి ఒక బొట్టు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి విడదీసింది. తీగ సాగి, తెగకుండా ఒక క్షణం నిలిచింది. "ఇంతే. దీనికన్నా ముదిరితే పిల్లోల్ల పండ్లు ఊడొస్తాయి" అంది. పాకం పట్టడం చూసి నేర్చుకోవలసిందేనని నాకు తెలుసు గాని, ఆమె వేళ్ల మధ్య ఆ తీగను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. వచ్చే సంక్రాంతికి అరిసెల పాకం నేను కలపలేనేమో, ఈ మణికట్టుతో కాదు అని కూడా ఆ పూటే అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు... సరే, అది కలిసినప్పుడు చెబుతాను.

పొయ్యి కట్టేసి, పాకం మరుగు పూర్తిగా ఆగాక, జల్లించిన కోకో 40 గ్రాములు, వెన్న 50 గ్రాములు, చిటికెడు ఉప్పు వేసి ఒకే దిక్కుగా తిప్పాలి. కోకోను జల్లించకుండా వేస్తే ఉండలు కట్టి ఎంత తిప్పినా విడవవు. గోరువెచ్చగా అయ్యాక మాత్రమే రెండు పెద్ద చెంచాల క్రీము కలపాలి. బెల్లం మరుగుతుండగా పాలుగాని మీగడగాని పోస్తే విరిగిపోతాయి. పాయసం దించి చల్లార్చాకే అమ్మ బెల్లం కలిపేది ఇందుకే కదా. ఈ కొలతలు ఎనిమిది అంగుళాల పళ్లెంలో చేసిన బ్రౌనీకి సరిపోతాయి. బ్రౌనీ కొంచెం వెచ్చగా ఉండగానే మధ్యలో పోసి, పళ్లేన్ని నాలుగు వైపులా వంచితే పూత తనంతట తానే అంచులకు చేరుతుంది, చెంచాతో రాస్తే ఆ మెరుపు రాదు. గంట గడిచేసరికి పైన పలుచటి పొర కట్టి, లోపల మెత్తగా నిలిచింది. బెల్లంలోని ఉప్పదనం కోకో చేదును పట్టుకుని పైకి తెస్తుంది, తెల్ల చక్కెర ఆ పని చెయ్యలేదు. మన రాష్ట్రంలోనే ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో కోకో పండుతోంది, చిత్తూరులో బెల్లం ఉంది, ఈ రెంటినీ కలపడానికి మనకు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో!

మరునాటి పొద్దున్నే బయలుదేరాలనుకున్నాం గాని బస్సు దొరికేసరికి ఎండ ముదిరింది. స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చంద్రగిరి దాటేసరికి డబ్బా మూత చెయ్యి కాలేంత వేడెక్కింది. పూతలపట్టు దగ్గర ఇక ఆగలేక మూత కొంచెం ఎత్తి, ఒక మూల వేలి కొసతో తాకి చూశాను. వేలికి ఏమీ అంటలేదు, మెరుపు కూడా తగ్గలేదు. ఆ క్షణంలో నువ్వు పక్కన లేవే అనిపించింది, ఉంటే మన పాత లెక్క ప్రకారం రెండు సోడాలు నువ్వే ఇప్పించవలసి వచ్చేది.

అక్క ఇంట్లో కత్తి పెట్టగానే పైపొర సన్నగా చిట్లి, దాని కింద పూత కత్తిని మెత్తగా పట్టుకుంది. పిల్ల మొదటి ముక్కలో పైభాగం ఒక్కటే ఒలుచుకుని తిని, కింది భాగం వాళ్ల నాన్న పళ్లెంలో పెట్టింది. మీవాడూ అదే చేస్తాడు, చూసుకో.

అసలు ఆనందం ఆ తరువాత మొదలైంది. బావగారికి మామిడి తోట ఉందని నీకు తెలుసు, గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలుతారు. తోతాపురి ఇంకా కోతకు రాలేదు గాని బేనీషా, అంటే బంగినపల్లి, గడ్డిలో మాగి ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. ఆయన ఒక ముక్క తిని, "దీని మీద పుల్లపుల్లగా ఏదైనా పడితే ఇంకా బాగుంటుంది" అన్నారు. ఆ మాట వినగానే నాకు షికాగో కథ గుర్తొచ్చింది. 1893లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు, బెర్తా పామర్ అనే ఆవిడ, ఆడవాళ్లు డబ్బాల్లో పట్టుకెళ్లడానికి వీలైన మిఠాయి కావాలని కోరితే, పామర్ హౌస్ హోటలు వంటవాళ్లు బ్రౌనీ తయారుచేశారని ఆ హోటలు వాళ్లు చెప్పుకుంటారు. దాని మీద పోసింది క్రీము కాదు, ఆప్రికాట్ పండు పూత, అంటే మీ హైదరాబాదు విందుల్లో మీఠాగా వడ్డించే ఖుబానీయే. వాళ్లకు ఆప్రికాట్ ఉంటే మనకు మామిడి లేదా అని అక్క అప్పటికప్పుడు పొయ్యి వెలిగించింది.

పీచు లేకుండా వడకట్టిన గుజ్జు అరకిలో, చక్కెర 100 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం వేసి, దాదాపు సగానికి తగ్గేదాకా అడుగంటకుండా కలిపింది. గరిటెతో అడుగున గీత గీస్తే అది వెంటనే పూడుకుపోకూడదు, తాండ్ర పోసే చిక్కదనం కన్నా ఒక మెట్టు ముందే దించాలి. బేనీషాలో పులుపు తక్కువ, అందుకే నిమ్మరసం తప్పనిసరి. ఆ పులుపు వల్లనే పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం, చక్కెర కలిసి పూత నిలబడుతుంది. చల్లారిన ఆ పసుపుపచ్చని పూతను బెల్లం పొర మీద పలుచగా పరిచాం. మొదట పులుపు తగిలి, తరువాత బెల్లం తీపి, చివర కోకో చేదు వస్తుంటే ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తోతాపురికి సొంత పులుపు ఉంది కాబట్టి దానితో ఇంకా బాగా వస్తుందని నా నమ్మకం, జూన్ చివర ఒక బుట్ట పంపిస్తానని బావగారు మాట ఇచ్చారు.

వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పును నూనె వదిలేదాకా మిక్సీలో తిప్పి, బెల్లం పొడి, ఉప్పు కలిపి వెచ్చటి బ్రౌనీ మీద రాసే పద్ధతి ఒకటి, మూటగట్టి నీరు వార్చిన పెరుగులో పొడి చక్కెర కలిపే పద్ధతి ఇంకొకటి ఉన్నాయి. పెరుగు పూత చల్లగా తినడానికే గాని ప్రయాణానికి పనికిరాదు. వేరుశనగది ఈ వారం మళ్లీ చెయ్యాలనుకుంటున్నాను, అందులో కొంచెం నువ్వులు కలిపితే...

ఎదురింటి కుర్రవాడు నారాయణాద్రి రైలుకు బయలుదేరుతూ గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు, ఈ ఉత్తరమూ, నీకోసం చేసిన బ్రౌనీల డబ్బా, ఒక సీసా వాడికే ఇస్తున్నాను. బ్రౌనీలను ఫ్రిజ్‌లో పెట్టకు, పాకం గట్టిపడుతుంది. మూత బిగించి బయటే ఉంచు, బెల్లం గాలిలోని తేమను లాగుతుంది. సీసాలో ఉన్నది మామిడి పూత, దాన్ని మాత్రం అందగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడెయ్యి. పిల్లవాడు ఏమన్నాడో మర్చిపోకుండా రాయి.

నీ,
పాత గది మిత్రుడు